క్యాన్సరు పరిశోధనకు విరాళములు: కుటుంబము చేయదగినది, గ్రామము చేయదగినది

గ్రామములో ఒకరికి క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధి, వచ్చినదని తెలిసినప్పుడు ఆ కష్టము ఆ యొక్క యింటితో ఆగదు. బంధువులు, ఇరుగుపొరుగువారు తలా కొంత చందా వేసికొని ఆ కుటుంబమునకు తోడ్పడుదురు. కొన్ని కుటుంబములు ఇంకొక అడుగు ముందుకు వేయును. "మా యింటికి వచ్చిన కష్టము మరియొక యింటికి రాకూడదు, ఈ వ్యాధికి మందు కనిపెట్టువారికి మేమును ఏదైన ఇయ్యవలెను" అని తలచును. అట్టివారు మొదట సలహా అడుగునది గ్రామ పంచాయతీ సభ్యులనే. విరాళము ఎవరికి పంపవలెను? ఎట్లు వసూలు చేయవలెను? ఇచ్చిన డబ్బు ఏమగును? ఇంటిలో రోగికి వైద్యము జరుగుచుండగా పరిశోధనకు ధనము పంపుట ఉచితమేనా? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయము రెండు మాటలలో ఇమిడియున్నది. పరిశోధనకు ఇచ్చిన ధనము సాధారణముగా నేటి రోగిని బ్రతికింపదు. రేపటి రోగిని బ్రతికించును. కావున వైద్యమునకు కావలసినది ముందు, పరిశోధనకు కానుక తరువాత. ఇది మొదటి మాట. పరిశోధనకు ధనము ఎంత అవసరమో, గ్రామము ఇచ్చు నిజమైన వివరములును అంతే అవసరము. ఇది రెండవ మాట. ధనము అందరును ఇయ్యలేరు. నిజమైన వివరములు ప్రతి పంచాయతీయు ఇయ్యగలదు.

పాతనగరము నేర్పు పాఠము

జిల్లాల నుండి క్యాన్సరు వైద్యమునకై హైదరాబాదు వచ్చు పల్లెవారిలో పలువురు ఇమ్లీబనులోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగుదురు. దాపుననే మూసీ యొడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి కలదు. ఏటి కావలి వైపు చార్మినారుతో కూడిన పాతనగరము. అక్కడి నుండి కొందరు రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రికి పోవుదురు. 1955లో ఆరంభమైన ఆ ఆసుపత్రి మెహదీ నవాజ్ జంగ్ పేరున నడుచుచున్నది, ఎం.ఎన్.జె. అనిన అందరికి తెలియును. మరికొందరు బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రికి పోవుదురు.

చందాల విషయములో పాతనగరపు పాత అలవాటొకటి మనకు పనికివచ్చును. అచటి ముస్లిం కుటుంబములలో దానములన్నియు ఒకే సంచిలో వేయరు. జకాతు అనునది కలిగినవారు ఏటేట తమ నిలువ ధనములో నలువదవ వంతు ఇచ్చు ధర్మము. దానిని పుచ్చుకొనుటకు అర్హులెవరో ముందే నిర్ణయమైయున్నది. సదకా ఎవరి ఇష్టము కొలది వారు ఇచ్చునది. వక్ఫు అనగా ఆస్తిని కదలనీయక దాని రాబడిని మాత్రమే ధర్మకార్యమునకు వినియోగించుట. మన గ్రామములలో దేవాలయ మాన్యము ఇట్టిదే గదా! భూమి దేవునిది, పంటతో దీపారాధనయు అన్నదానమును జరుగును. ఏ ధర్మమునకై ఇచ్చినది ఆ ధర్మమునకే చెందవలెనను కట్టుబాటు రెండు సంప్రదాయములలోను కలదు.

క్యాన్సరు పేరున వచ్చు చందాకును ఇదే కట్టుబాటు కావలెను. దానికి మూడు సంచులు వేరువేరుగా ఉండవలెను. మొదటిది రోగి వైద్యమునకు. రెండవది ఆసుపత్రి సేవలకు, అనగా పడకలకు, యంత్రములకు, బీదరోగుల మందులకు, వారి వెంట వచ్చినవారి వసతికి. మూడవది పరిశోధనకు. ఈ మూడును మంచివే. కాని మొదటి దానికని వసూలు చేసి మూడవ దానికి పంపినను, మూడవ దానికని చెప్పి మొదటి దానికి వాడినను, ఇచ్చినవారి నమ్మకము చెడును. మరుసారి నిజమైన అవసరము వచ్చినప్పుడు చేయి చాచినను ఎవరును ఇయ్యరు.

పరిశోధన అనగా ఏమి?

మన శరీరము కంటికి కనబడని కోట్లకొలది కణములతో నిర్మితమైనది. పాత కణములు నశించుచు కొత్తవి పుట్టుచుండును. ఎప్పుడు పెరుగవలెనో, ఎప్పుడు ఆగవలెనో ఆ కణములకు ఒక అదుపు కలదు. ఆ అదుపు తప్పి కొన్ని కణములు ఆగక పెరిగి, ప్రక్కభాగములను ఆక్రమించి, దూరపు అవయవములకు ప్రాకుటయే క్యాన్సరు. ఇది ఒక్క వ్యాధి కాదు. నోటిది, రొమ్ముది, గర్భాశయ ముఖద్వారముది, రక్తముది, ఇట్లు పెక్కు వ్యాధుల ఉమ్మడి పేరు. కావుననే ఒక్క మందుతో అన్నియు కుదురవు. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కూర్చుండి భుజించినవారికి రాదు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరుకు వలె కొన్నిటికి మూలమైన వైరసు మాత్రము ఒకరినుండి ఒకరికి రాగలదు.

ఈ వ్యాధి ఎవరికి, ఏల వచ్చును, ముందుగా ఎట్లు గుర్తింపవచ్చును, ఏ వైద్యము ఎందరికి గుణమిచ్చును అని లెక్కకట్టి, పరీక్షించి, తప్పొప్పులు తేల్చుకొనుటయే పరిశోధన. అది విత్తనమునకును పంటకును నడుమ కాలము పట్టు పని. దీనికి మన తెలుగువారి చరిత్రలోనే గొప్ప ఉదాహరణము కలదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధికి లోనై కొద్ది వ్యవధిలోనే మరణించిరి. ఆ వ్యాధిలో ఆహారము వంటబట్టక మనిషి క్షీణించిపోవును. నాడు దానికి తగిన మందు లేదు. 1922లో సుబ్బారావుగారు పై చదువునకై అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెడలిరి. ప్రయాణమునకు మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ధనసహాయము చేసిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు సాయపడినది. సత్యలింగ నాయకరు రంగూనులో వర్తకము చేసి గడించిన ఆస్తిని ధర్మకార్యములకు వ్రాసియిచ్చినవారు.

ఆ ధనము పండుటకు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. సుబ్బారావుగారు 1940లో లెడర్లే అను మందుల సంస్థలో చేరిరి. వారి నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు 1945 నాటికి ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధము కనుగొనిరి. స్ప్రూ వ్యాధిలో వచ్చు రక్తహీనతకు అది మందైనది. పిమ్మట అదే ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు పనిచేయు పదార్థములను తయారుచేసిరి. వేగముగా పెరుగు క్యాన్సరు కణములకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని అందకుండ చేసినచో పెరుగుదల ఆగునని వారి ఆలోచన. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఆ మందును ల్యుకేమియా, అనగా రక్తపు క్యాన్సరు, వచ్చిన పిల్లలకిచ్చి 1948లో ఫలితములు ప్రకటించెను. పదునారుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము వ్యాధి తగ్గినది. అది శాశ్వతమైన గుణము కాదు. అయినను మందుతో ఆ వ్యాధిని అదుపుచేయవచ్చునని ప్రపంచమునకు తెలిసినది. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది. తరువాతి దశాబ్దములలో అనేక ఔషధములను కలిపి ఇచ్చు పద్ధతి వచ్చినది. మంచి వైద్యము అందుచోట్ల నేడు ఆ వ్యాధి వచ్చిన పిల్లలలో ఎక్కువమంది బ్రతుకుచున్నారు. సుబ్బారావుగారు మాత్రము ఆ 1948లోనే మరణించిరి.

కాకినాడ ధర్మసంస్థ ల్యుకేమియా మందుకని ధనమియ్యలేదు. చదువుకొను యువకునికి ఇచ్చినది. పరిశోధనకు ఇచ్చు దానము స్వభావము ఇట్టిది. ఫలము ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి చేరునో ఇచ్చినవారు చెప్పలేరు. ఈ మాట కుటుంబమునకు ముందే తెలిసియుండవలెను. "ఇంత ఇచ్చితిమి, మావానికి ఏమి వచ్చినది?" అని తరువాత అడుగుటకు తావుండరాదు.

దుఃఖము నుండి పుట్టిన సంస్థలు

అయినవారికి వచ్చిన క్యాన్సరును చూచి పదిమందికి ఉపకరించు పనికి పూనుకొన్న కుటుంబములు మన దేశమున కలవు.

సర్ దొరాబ్జీ టాటాగారి భార్య మెహర్‌బాయిగారు 1931లో ల్యుకేమియాతో మరణించిరి. మరుసటి సంవత్సరమే ఆమె పేరున లేడీ టాటా స్మారక ధర్మనిధి ఏర్పడినది. ల్యుకేమియాపై పరిశోధన చేయు దేశవిదేశముల శాస్త్రజ్ఞులకు ఆ నిధి సహాయము చేయుచు వచ్చినది. దొరాబ్జీగారును 1932లోనే గతించిరి. వారి ధర్మసంస్థ బొంబాయిలో నిర్మించిన టాటా స్మారక ఆసుపత్రి 1941 ఫిబ్రవరి 28న ఆరంభమైనది. 1962 నుండి అది అణుశక్తి శాఖ క్రింద నడుచుచున్నది.

మద్రాసులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి చెల్లెలు క్యాన్సరుతో మరణించినది. వైద్యురాలై యుండియు చెల్లెలిని కాపాడుకొనలేకపోయిన ఆమె, ఆ వ్యాధికి ప్రత్యేకమైన ఆసుపత్రి కావలెనని పట్టుబట్టి, మహిళా సంఘము తరఫున యేండ్ల తరబడి విరాళములు సేకరించిరి. 1952లో జవహర్లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1954లో అడయారులో పన్నెండు పడకలతో ఆ సంస్థ మొదలైనది. నెల్లూరు, చిత్తూరు ప్రాంతముల వారికి అడయారు ఆసుపత్రి చిరపరిచితమే.

మన హైదరాబాదులో, నందమూరి తారక రామారావుగారి భార్య బసవతారకంగారు 1985లో క్యాన్సరుతో మరణించిరి. ఆమె జ్ఞాపకార్థము ఒక క్యాన్సరు ఆసుపత్రి నెలకొల్పవలెనని రామారావుగారు సంకల్పించిరి. అమెరికాలో స్థిరపడిన తెలుగు వైద్యులును ఇతర దాతలును చేయి కలిపిరి. స్థలమును ప్రభుత్వము ఇచ్చినది. రామారావుగారు 1996లో మరణించిరి. ఆసుపత్రి 2000 జూన్ 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారి చేతులమీదుగా ఆరంభమైనది. బసవతారకం ఇండో-అమెరికన్ క్యాన్సరు ఆసుపత్రి, పరిశోధనా సంస్థ అని దాని పూర్తి పేరు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఇంటి సంకల్పమునకే, సముద్రముల కావలి వారు తోడ్పడినను, పదునైదేండ్లు పట్టినవని పాఠకులు గమనింపవలెను.

ఇవి ధనవంతుల, పలుకుబడి గలవారి సంగతులు, మా గ్రామమునకు ఇందులో పని యేమి అని కొందరు అడుగవచ్చును. సామాన్యుల చిన్న మొత్తములును పెద్ద పని చేయగలవు. పైన చెప్పిన ఫార్బరు వైద్యుని ఆసుపత్రికై 1948 మే నెలలో అమెరికాలో రేడియో ద్వారా ఒక విజ్ఞప్తి చేయబడెను. రోగపీడితుడైన ఒక బాలుని అసలు పేరు చెప్పక 'జిమ్మీ' అని పిలిచి, అతనికి టెలివిజను కొనుటకు ఇరువది వేల డాలర్లు కోరిరి. ఉత్తరములలో, డబ్బాలలో వచ్చిన చిల్లర మొత్తములు కలిసి రెండు లక్షల ముప్పది వేల డాలర్లు దాటినవి. ఆ నిధి నేటికిని పరిశోధనకు తోడ్పడుచున్నది. ఆ బాలుడు బ్రతికి పెద్దవాడైనాడు. రోగి పేరు బయటపెట్టకయే చందా వసూలు చేయవచ్చుననుటకును ఇది నిదర్శనము.

ధనముతో సత్యమును కొనలేము

పరిశోధనకు ధనమిచ్చినంత మాత్రమున నిజము బయటపడునని అనుకొనరాదు. హైదరాబాదు చరిత్రలోనే ఇందుకు సాక్ష్యము కలదు. శస్త్రచికిత్సలో రోగికి మత్తు కలిగించుటకు నాడు క్లోరోఫారము వాడెడివారు. అది గుండెకు హాని చేయునా అను వివాదము తేల్చుటకు 1888లోను 1889లోను ఇచట రెండు విచారణ సంఘములు పనిచేసినవి. వాటి వెనుక నున్నవాడు హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ. ఖర్చు భరించినది ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వము. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపి, ఊపిరి సరిగా ఆడునట్లు చూచినచో గుండెకు భయములేదని తేల్చిరి. ప్రపంచమంతట ఆ నివేదిక పేరుపొందినది. కాని అది పూర్తి నిజము కాదనియు, క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపగలదనియు 1911 నాటికి ఇంగ్లండులో ఋజువైనది.

దీనివలన ఆ దాత ఇచ్చిన ధనము వ్యర్థమైనదని మేము అనుటలేదు. ఒకరు చేసిన ప్రయోగమును మరియొకరు పరీక్షించి తప్పును దిద్దుటయే శాస్త్రము పద్ధతి. కావున విరాళము కోరు సంస్థ తన పనిని ఇతర శాస్త్రజ్ఞులు పరీక్షించునట్లు ప్రకటించుచున్నదా అని మొదట విచారింపవలెను. "మా మందు రహస్యము, నూటికి నూరుపాళ్లు కుదురును" అని చెప్పువాడు పరిశోధకుడు కాడు. క్యాన్సరును నయముచేయుదుమని ప్రకటనలిచ్చుట 1954 నాటి చట్టము క్రింద నేరము కూడ.

గ్రామములు ఇచ్చిన కానుక

పరిశోధనకు డబ్బుతోబాటు మనుష్యుల సహకారము కావలెను. ఇందులో పల్లెలు ఎంత మేలు చేసినవో రెండు ఉదాహరణములు చెప్పెదము.

శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యముగా స్త్రీలలో, చుట్ట నిప్పువైపు నోటిలో పెట్టుకొని కాల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ అందురు. 1966 మొదలు టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారు దేశములోని కొన్ని జిల్లాలలో ఇంటింటికి తిరిగి 50 వేలకు పైగా గ్రామీణుల నోళ్లు పరీక్షించిరి. అందులో శ్రీకాకుళమువారు 10 వేలకు పైగా నుండిరి. అడ్డపొగ వలన అంగిలికి క్యాన్సరు వచ్చునని ఈ పరిశీలనలు బలపరచినవి. తరువాత 1970ల చివర మూడు జిల్లాలలో పొగాకు వాడు 36 వేల మందిని ఎన్నుకొని, మానుమని ఊరూర బోధించి, యేండ్ల తరబడి గమనించిరి. మానినవారిలోను తగ్గించినవారిలోను క్యాన్సరుకు ముందు నోటిలో కనబడు తెల్లమచ్చలు తగ్గినవి. ఆ గ్రామీణులు ఒక్క రూపాయి విరాళమియ్యలేదు. నోరు తెరచి చూపి, అలవాటును దాచక చెప్పిరి; అదియే వారి కానుక.

రెండవది పూర్వపు హైదరాబాదు సంస్థానములోని ఉస్మానాబాదు జిల్లా. ఇప్పుడు దాని పేరు ధారాశివ్. సినీనటి నర్గీస్ దత్ 1981లో క్యాన్సరుతో మరణించిరి. ఆమె భర్త సునీల్ దత్ ఆమె పేరున రోగుల సహాయార్థము ధర్మసంస్థ స్థాపించిరి. షోలాపూరు జిల్లా బార్షీ పట్టణములోని గ్రామీణ క్యాన్సరు ఆసుపత్రికిని ఆమె పేరే ఉన్నది. ఆ బార్షీలోనే 1987లో, టాటా స్మారక కేంద్రము తోడ్పాటుతో, మన దేశపు మొదటి గ్రామీణ క్యాన్సరు నమోదు ఆరంభమైనది. పిమ్మట 1999 నుండి ఉస్మానాబాదు పల్లెలను 52 సముదాయములుగా విభజించి, 30 మొదలు 59 సంవత్సరముల వయస్సు గల 1,31,746 మంది స్త్రీలను గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు విషయమై పరిశోధించిరి. అమెరికాలోని గేట్స్ దంపతుల ధర్మసంస్థ ధనమిచ్చినది. ఆ క్యాన్సరుకు మూలమైన వైరసు ఉన్నదో లేదో చూచు పరీక్ష ఒక్కసారి చేసి, అవసరమైనవారికి చికిత్స చేసినచో, ముదిరిన వ్యాధియు మరణములును దాదాపు సగము తగ్గునని 2009లో ప్రకటించిరి. ప్రపంచములో పలు దేశములు ఈ ఫలితమును గైకొన్నవి. పోల్చి చూచుటకై ఒక వర్గము పల్లెలలో పరీక్షలు జరుపలేదు; అది న్యాయమేనా యను చర్చయు తరువాత జరిగినది. అట్టి చర్చ జరుగుటయు మంచిదే.

సమ్మతి లేని పరిశోధన తగదు. 2009లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలము మొదలగు మండలములందు, పది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు ఆ వైరసును నిరోధించు టీకా వేసి పరిశీలించు కార్యక్రమము జరిగినది. కొందరు బాలికలు తరువాత మరణించిరి. ఆ మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని విచారణ సంఘము అభిప్రాయపడినను, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సమ్మతిపత్రములపై సంతకములు చేసిరని బయటపడినది. 2010లో కార్యక్రమము నిలుపబడినది; 2013లో పార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా ఆక్షేపించినది. టీకా మంచిదే, అనుమతి తీసికొన్న విధము మంచిది కాదు. మీ గ్రామమునకు పరిశోధకులు వచ్చినచో ఆహ్వానింపుడు. అయితే నైతిక సంఘము అనుమతి కలదా, భారత వైద్యప్రయోగముల రిజిస్టరులో నమోదైనదా, సమ్మతిపత్రము తెలుగులో చదివి వినిపించిరా, ఇష్టము లేనివారు తప్పుకొనవచ్చునా అని అడుగుడు. సర్పంచి సమ్మతి ఇంటివారి సమ్మతి కాజాలదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ఒక కుటుంబము చందా యోచనతో మీ వద్దకు వచ్చినప్పుడు ఈ క్రింది విధముగా నడచుకొనుట మంచిది.

1. మొదట రోగి వైద్యము సంగతి అడుగుడు. ముక్కతీసి చేయు బయాప్సీ పరీక్ష జరిగినదా? ఏ ఆసుపత్రిలో చూపుచున్నారు? 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము క్రింద క్యాన్సరు చికిత్సలు పెక్కు చేరియున్నవి. తెలంగాణములో కుటుంబమునకు సాలీనా పరిమితి 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచబడినది. కార్డు ఉండియు తెలియక పొలము అమ్ముకొనకుండ చూచుట మీ మొదటి కర్తవ్యము.

2. రోగి ఇష్టమును తెలిసికొనుడు. పేరు, ఫోటో, వ్యాధి వివరము ప్రకటించుటకు రోగి స్వయముగా ఒప్పుకొనవలెను. తన వ్యాధి పేరు తనకే తెలియని రోగులు మన పల్లెలలో కలరు. గోడమీది కాగితము చూచి వారు తెలిసికొనుట ఘోరము.

3. ఏ సంచికో ముందే వ్రాయుడు. వైద్యమునకా, ఆసుపత్రి సేవకా, పరిశోధనకా అని రసీదు మీదనే ఉండవలెను. మిగిలిన ధనము ఏమి చేయవలెనో కూడ మొదటి దినముననే తీర్మానించుకొనవలెను.

4. బ్యాంకులో ఇద్దరి సంతకములతో వేరు ఖాతా తెరిపింపుడు. గడువు పెట్టుడు. గడువు ముగిసిన పిమ్మట జమాఖర్చులు ఊరివారి యెదుట చదివి వినిపింపుడు. బలవంతపు వసూలు కూడదు. పంచాయతీ నిధి ప్రజల పన్ను. చట్టము నిర్ణయించిన పనులకే అది చెందును గనుక దానిని ముట్టరాదు.

5. విరాళము సంస్థ ఖాతాకే నేరుగా పంపవలెను. మధ్యవర్తి చేతికి ఇయ్యరాదు. పరిశోధనకు మాత్రమే వినియోగింపుడని ఉత్తరము జతచేయవలెను. ఆదాయపు పన్ను శాఖ గుర్తింపును, ఏటేటి లెక్కలను, ప్రకటించిన పరిశోధనల జాబితాను అడుగుటకు వెనుదీయనక్కరలేదు. రెండువేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన దానమునకు పన్ను మినహాయింపు లభింపదు.

6. విరాళమియ్యలేని కుటుంబమునకు ఇతర మార్గములు చెప్పుడు. రక్తదానము చేయవచ్చును. ఊరిలో పొగాకు మాన్పింపవచ్చును. నోటిలో మానని పుండు, రొమ్ములో గడ్డ, అకాల రక్తస్రావము కలిగిన స్త్రీపురుషులను ఆలసింపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవచ్చును.

మరణముల రిజిస్టరు

చివరిదియు, పంచాయతీకి స్వంతమైనదియు ఒక్కటి కలదు. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో నమోదు చేయించవలెను. గ్రామములలో ఈ పుస్తకము పంచాయతీ కార్యదర్శి చేతిలో నుండును. పెక్కుచోట్ల మరణకారణమునకు ఎదురుగా "వృద్ధాప్యము" అనియో, "జ్వరము" అనియో, "గుండె ఆగి" అనియో వ్రాయుదురు. పేరు బయటపడిన పిల్లల పెండ్లిండ్లకు అడ్డమగునని భయపడి కొందరు క్యాన్సరు మాటను దాచుదురు. ఈ భయము సహజమే; కాని దానివలన కలుగు నష్టము పెద్దది.

భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమమును ఆరంభించినది. 2020లో వెలువడిన దాని నివేదికలో హైదరాబాదు జిల్లా లెక్కలును చేరినవి; నగర స్త్రీలలో రొమ్ము క్యాన్సరు మొదటి స్థానమున నున్నదని వానివలన తెలిసినది. ఇట్టి లెక్కలను బట్టియే ఎక్కడ పరీక్షాకేంద్రము పెట్టవలెను, ఏ వ్యాధిపై పరిశోధన జరుపవలెను అని నిర్ణయింతురు. లెక్కకు రాని రోగికి ఆసుపత్రియు రాదు. ఒక మండలములో నోటి క్యాన్సరుతో పదిమంది మరణించి పదిమందియు జ్వరము పద్దులో చేరినచో, ఆ మండలమునకు క్యాన్సరు లేనట్లే ప్రభుత్వము భావించును.

కావున మరణవార్త తెచ్చిన కుటుంబమును ఆసుపత్రి కాగితములు తెమ్మని మృదువుగా అడుగుడు. చూచిన వైద్యుడు ఇచ్చిన మరణకారణ పత్రమును జతపరుపుడు. అందులోని మాటను మార్చకుండ వ్రాయింపుడు. ఆ వివరమును రచ్చబండ మీద చర్చింపకుండ కాపాడుడు; గుట్టు నిలుచునను నమ్మిక కలిగిననాడు నిజము చెప్పుటకు ఎవరును వెనుదీయరు.

అయినవారిని పోగొట్టుకొన్న కుటుంబము పరిశోధనకు లక్ష రూపాయలు పంపినను, నూటపదార్లు పంపినను ఆదరణీయమే. ఏమియు పంపలేని కుటుంబము మరణకారణమును నిజముగా వ్రాయించినను అది పరిశోధనకు చేసిన సాయమే. మీ తదుపరి సమావేశములో గత సంవత్సరపు మరణముల రిజిస్టరును ఒకసారి తెప్పించి, కారణముల పద్దును సభ్యులందరు చూడవలెనని కోరుచున్నాము.